ఇంట్లో కట్టుకున్న 120 కెమెరాకు గ్రౌండ్ గ్లాస్ బిగించడం ఎలా?

120 రోలు ఫిల్ముతో నడిచే కెమెరాను సొంతంగా కట్టుకునేవాళ్లు నన్ను తరచూ రెండు ప్రశ్నలు అడుగుతారు. కట్టేటప్పుడు ఒకటి: "ఫోకస్ చూసుకోవడానికి వెనక గరుకు అద్దం ఎలా పెట్టాలి?" మొదటి రోలు కడిగాక రెండోది: "అద్దంలో చక్కగా కనిపించిందండీ, ఫిల్ము మీద మాత్రం మసకగా వచ్చింది. లెన్సు పాడైందా?" బొమ్మ పడే ఆ గరుకు అద్దమే గ్రౌండ్ గ్లాస్. లెన్సుకు ఏమీ కాలేదు. అద్దం ఒకచోట ఉంది, ఫిల్ము ఇంకోచోట ఉంది. అద్దాన్ని గరుకు చేయడం ఒక పూట పని. దాన్ని సరిగ్గా ఫిల్ము నిలిచే చోట నిలబెట్టడానికే రోజులు పడతాయి. అందుకని కొలతల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

నా మొదటి కెమెరాతో మా అత్తయ్యను ఫోటో తీశాను. మీటరు దూరంలో కూర్చోబెట్టి, కంటి రెప్పల మీద ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఫిల్ము కడిగి చూస్తే కళ్లు మసకమసక, జడలో నుంచి చెవి పక్కగా తొంగిచూస్తున్న కనకాంబరాలు మాత్రం రేకు రేకు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. "పూలు బాగా పడ్డాయిరా" అని అత్తయ్య మెచ్చుకుంది కూడా. అద్దాన్ని తిరగేసి బిగించానని తెలియడానికి ఇంకో రోలు ఖర్చయింది. ఆ లెక్క కింద చెబుతాను.

ముందు మీది ఏ రకం కెమెరానో చూసుకోండి

ఫిల్ము నడిచే పట్టాలు కెమెరా పెట్టెలోనే ఉంటే మీ పని సులువు. ఫిల్ము వేయకముందు ఆ పట్టాల మీద గరుకు అద్దం పెట్టి, లెన్సును జరిపి, దూరాలకు గీతలు గీసుకుంటారు. తర్వాత అద్దం తీసేసి ఫిల్ము వేస్తారు. అద్దాన్ని ఫిల్ము వెడల్పుకే, అంటే 61 మి.మీ.కు కోయించి, గరుకు వైపు లెన్సుకేసి ఉండేలా లోపలి పట్టాల మీద ఆనించి, రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచితే చాలు. కింది మెట్లలో మీకు 1, 2, 3, 7 సరిపోతాయి.

రెండో రకంలో రోల్ హోల్డరును (రోలు ఫిల్ము ఉండే విడి పెట్టె; ఫిల్ము మీద వెలుగు పడకుండా దానికి డార్క్ స్లైడు అనే తీసిపెట్టే పలక ఉంటుంది) వెనక తగిలిస్తారు. అద్దపు చట్రంతో ఫోకస్ చూసి, దాన్ని తీసి, అదే చోట హోల్డరు పెడతారు. ప్రశ్నలన్నీ ఈ రకం నుంచే వస్తాయి కాబట్టి ఉదాహరణగా దీన్నే తీసుకుంటున్నాను: ప్లైవుడ్ పెట్టె, 90 మి.మీ. లెన్సు, 6×9 రోల్ హోల్డరు.

ఒక హెచ్చరిక. అటక మీది పాత పెట్టె కెమెరా నుంచి ఫిల్ము భాగాన్ని కోసి తీద్దామనుకుంటే, ముందు పట్టాల మీద ఒక స్టీలు స్కేలు ఆనించి చూడండి. ఆగ్ఫా క్లాక్ లాంటి సాదా లెన్సు కెమెరాల్లో ఫిల్మును కావాలనే వంపుగా నడిపిస్తారు. స్కేలు కింద నడుమ సందు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి. చదునైన అద్దం వంపు తిరిగిన ఫిల్ముకు ఎన్నటికీ సరిపోదు.

ఎంత తేడాను ఓర్చుకుంటుంది?

సిద్ధాంతం ఇంతే: మీరు వాడే ఎఫ్ నంబరును (లెన్సు ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె) 0.05 మి.మీ.తో గుణించండి. ఎఫ్ 4 దగ్గర 0.2 మి.మీ., ఎఫ్ 8 దగ్గర 0.4 మి.మీ. ఫిల్ము అటో ఇటో అంతకు మించి జరిగితే మసక కంటికి తెలుస్తుంది. మీ కంటి పొరపాటు, ఫిల్ము ఉబ్బు కలిసి అందులో సగం తినేస్తాయి. కాబట్టి అద్దం విషయంలో 0.1 మి.మీ. దాటనివ్వకూడదు. అది మామూలు ఎ4 కాగితం మందం.

కావలసినవి

ఫోటో ఫ్రేములు కట్టే దుకాణంలో దొరికే 2 మి.మీ. సాదా అద్దం, మూడు ముక్కలు. 400, 600 నంబర్ల సిలికాన్ కార్బైడ్ పొడి, ఒక్కోటి రెండు చెంచాలు. వెర్నియర్ కాలిపర్స్ (ఇంటర్ ప్రాక్టికల్స్‌తో దాని రుణం తీరిపోయిందనుకున్నారు కదా). స్టీలు స్కేలు, పాడైపోయిన 120 రోలు ఒకటి, చట్రానికి ప్లైవుడ్ లేదా 3డి ప్రింటు, దర్జీ టేపు, నల్ల గుడ్డ. అద్దంలోని బొమ్మను పెద్దదిగా చూడటానికి లూప్. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునేది బాగా పనికొస్తుంది. పాత ఎస్ఎల్ఆర్ కెమెరా 50 మి.మీ. లెన్సును తిరగేసి చూసినా సరే.

మందం సరిచేయడానికి పల్చని రేకులు కావాలి. ఎ4 కాగితం 0.1 మి.మీ. ఉంటుంది కానీ చెమ్మకు ఉబ్బుతుంది, బిగిస్తే నలుగుతుంది. కోస్తా ఊళ్లలో వానాకాలం వస్తే చెప్పనక్కర్లేదు. పరీక్షలకు కాగితం వాడి, చివరికి ప్లాస్టిక్‌కు మారండి. జెరాక్స్ దుకాణాల్లో దొరికే 100 మైక్రాన్ల పారదర్శక షీటు 0.1 మి.మీ., పాత ఎక్స్‌రే ఫిల్ము దాదాపు 0.2 మి.మీ. ఏదైనా సరే, వాడేముందు కాలిపర్స్‌తో ఒకసారి కొలవండి.

1. అద్దం కోయించండి

6×9 చట్రంలో బొమ్మ 56×84 మి.మీ. వస్తుంది. అద్దం 70×95 మి.మీ. ఉంటే చుట్టూ ఆనడానికి చోటు మిగులుతుంది. మూడు ముక్కల్లో ఒకటి అసలుది, ఒకటి రుద్దడానికి, ఒకటి పగిలితే ఉంటుందని. రుద్దే ముక్కను 50×50కి కోయించండి. ఫ్రేము దుకాణంలో "మెరుపు కొట్టని అద్దం ఉంది, అది తీసుకోండి" అంటారు. వద్దు. దాని గరుకు చాలా పల్చన, బొమ్మ నిలవదు.

కోసిన అంచులను కత్తులు నూరే రాయి మీద నీళ్లు పోస్తూ నాలుగు వైపులా మొద్దుబార్చండి. ఈ మెట్టు వదిలేస్తే రుద్దేటప్పుడు అంచు పెచ్చులు ఊడి పొడిలో కలిసి, అద్దం నడుమ లోతైన గీతలు పడతాయి. వేళ్లు తెగడం సరేసరి. మీ కెమెరాకు బెలోస్ (లెన్సుకూ వెనక భాగానికీ మధ్య మడతలుగా ముడుచుకునే గొట్టం) ఉంటే నాలుగు మూలలూ కొద్దిగా కోయించండి. లెన్సును ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు గాలి అక్కడినుంచి పోతుంది.

2. గరుకు చేయండి

బల్ల మీద తడి తువ్వాలు పరచి అద్దం పెట్టండి. చిటికెడు 400 పొడి, అరచెంచా నీళ్లు. చిన్న ముక్కతో 8 అంకె ఆకారంలో రుద్దండి, మధ్యమధ్యలో అద్దాన్ని పావు చుట్టు తిప్పండి. మొదట ఇసుక నమిలినట్టు కరకరమంటుంది. రెండు మూడు నిమిషాలకు ఆ చప్పుడు తగ్గి, మెత్తగా బుస కొట్టినట్టు వినిపిస్తుంది. అంటే పొడి అరిగిపోయింది, మళ్లీ వేయాలి. పొడి ఎప్పుడూ తడిగానే ఉండాలి. ఎండిన అద్దపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అద్దాలు రెండూ అతుక్కుపోతే పైకి పీకకండి, పక్కకు జరుపుతూ విడదీయండి. బురదను వంటింటి సింకులో పోస్తే గొట్టంలో పేరుకుంటుంది. పాత డబ్బాలోకి తీసి చెత్తలో వేయండి.

పదిహేను నిమిషాల తర్వాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. తడిగా ఉంటే అంతా బాగున్నట్టే మోసం చేస్తుంది. మెరిసే మచ్చలు కనిపిస్తే ఇంకా రుద్దాలి. అవి సాధారణంగా మూలల్లోనే మిగులుతాయి. అంతా ఒకేలా తెల్లబడ్డాక చేతులు, అద్దం, తువ్వాలు అన్నీ శుభ్రంగా కడిగి 600తో మరో పదిహేను నిమిషాలు. 400 రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది.

ఇంకా నున్నగా 1000 దాకా వెళ్లాలా? నేను వెళ్లను. ఎంత నున్నగా ఉంటే నడుమ అంత వెలుగు, మూలలు అంత చీకటి. 90 మి.మీ. లెన్సుకు 600 దగ్గర ఆగడమే మేలని నా అనుభవం.

పొడి దొరకకపోతే, మోటారు విడిభాగాల దుకాణంలో అమ్మే వాల్వ్ గ్రైండింగ్ పేస్టులో సన్న రకం వాడవచ్చు. జిడ్డు వదలడానికి కిరోసిన్, తర్వాత సబ్బు. రుద్దే ఓపిక లేకపోతే 2 మి.మీ. అక్రిలిక్ ముక్కను 600 నీటి కాగితంతో రుద్దినా పని జరుగుతుంది, కానీ అది గీతలు పడుతుంది, వేడికి వంగుతుంది. యాసిడ్‌తో అద్దం తినిపించే పద్ధతి జోలికి ఇంట్లో పోవద్దు.

3. గీతలు గీయండి

గరుకు వైపున హెచ్‌బీ పెన్సిలుతో 56×84 చట్రం, నడుమ ఒక ప్లస్ గుర్తు గీయండి. ఇవి ఫ్రేమింగుకే కాదు, లూప్‌ను ముందుగా ఈ గీతల మీద స్పష్టంగా నిలుపుకుంటే మీ కన్ను సరిగ్గా గరుకు తలం మీద ఉన్నట్టు లెక్క. చాలామంది ఈ పని చేయక, అద్దానికి వెనక గాలిలో తేలే బొమ్మను చూసి ఫోకస్ అయిందనుకుంటారు.

4. హోల్డరులో ఫిల్ము ఎంత లోతున ఉందో కొలవండి

పాడైన రోలును హోల్డరులో వేసి మొదటి ఫోటో దాకా తిప్పండి. డార్క్ స్లైడు తీసేయండి. కెమెరాకు ఆనే ముఖం మీద స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, దాని మీది నుంచి కాలిపర్స్ తోక రాడును ఫిల్ము వైపు దించండి. స్కేలు ఎత్తును తర్వాత తీసేస్తారు.

ఇక్కడే చేయి తిరగాలి. రాడు తగిలితే ఫిల్ము లోపలికి నొక్కుకుపోతుంది, కొలత పెరుగుతుంది. పక్కనుంచి దీపం పెట్టి చూడండి: రాడు మొన దిగుతుంటే ఫిల్ము మీద దాని నీడ ఎదురొస్తుంది. మొన, నీడ కలిసిన క్షణంలో ఆగి చదవండి. నాలుగు మూలలకు దగ్గరగా, నడుమ ఒకటి, మొత్తం ఐదు చోట్ల, ఒక్కోచోట మూడేసి సార్లు. నడుమ కొలత మిగతావాటికంటే కాస్త తేడాగా వస్తే కంగారు పడకండి, రోల్ ఫిల్ము కొద్దిగా ఉబ్బడం మామూలే. డిజిటల్ కాలిపర్స్ 0.01 దాకా అంకెలు చూపిస్తుంది. చివరి అంకెను నమ్మకండి.

మాటవరసకు సగటు 7.4 మి.మీ. వచ్చిందనుకుందాం. పట్టాల లోతును కొలిచి సరిపెట్టుకోవద్దు. పట్టాలకూ, ఫిల్మును వెనకనుంచి ఆనించే ప్రెషర్ ప్లేటుకూ మధ్య సందులో ఫిల్ము ఎక్కడ నిలుస్తుందనేది హోల్డరును బట్టి మారుతుంది.

5. చట్రం చేయండి

బయటి కొలతలు హోల్డరువే ఉండాలి, కెమెరా మీద హోల్డరు ఆనే ముఖం మీదే చట్రమూ ఆనాలి. లోపల అద్దం కూర్చునే అంచు మందం కావలసినదానికంటే 0.4 మి.మీ. తక్కువ ఉంచండి. మన ఉదాహరణలో 7.0 మి.మీ. మిగతాది రేకులతో నింపుతారు. తక్కువైతే రేకు వేయవచ్చు, ఎక్కువైతే ఆకురాయి పట్టి అరగదీయాలి. అరగదీసిన ప్లైవుడ్ చదునుగా రాదు.

వెలుతురు రాకుండా హోల్డరుకూ కెమెరాకూ మధ్య ముఖమల్ గుడ్డ అతికించారా? అయితే మీరు కొలిచిన కొలతంతా వృథా. హోల్డరు బిగింపును బట్టి గుడ్డ ఒకసారి ఎక్కువ నలుగుతుంది, ఒకసారి తక్కువ. గుడ్డను ఒక గాడిలోకి దించి, చెక్కకు చెక్క నేరుగా ఆనేలా చేయండి. నాకు వచ్చే ఫిర్యాదుల్లో అద్దం తిరగేయడం మొదటిదైతే ఇది రెండోది.

6. అద్దం కూర్చోబెట్టండి

గరుకు వైపు లెన్సుకేసి. గోటితో గీరి చూడండి, గరుకు వైపు సన్నగా కీచుమంటుంది. నా అత్తయ్య ఫోటో సంగతి ఇదే: గరుకు వైపు నాకేసి ఉంది. 2 మి.మీ. అద్దం గుండా వెలుగు వంగడం వల్ల తేడా 2 మి.మీ. పూర్తిగా ఉండదు, మూడింట రెండొంతులు, సుమారు 1.3 మి.మీ. మీటరు దూరంలో ఆ కాస్త తేడాకే ఫోకస్ 16 సెం.మీ. వెనక్కి, కళ్ల మీదినుంచి జడలోకి పోయింది.

నాలుగు మూలల్లో చిన్న రేకు ముక్కలు పెట్టి, వాటి మీద అద్దం ఆనించి, వెనకనుంచి పల్చని స్టీలు పట్టీలతో నొక్కి ఉంచండి. జిగురు ఇప్పుడే వేయకండి. ఇదివరకటి స్కేలు, అదే కాలిపర్స్‌తో చట్రం ముఖం నుంచి గరుకు తలం దాకా కొలవండి. పరికరం అదే కాబట్టి దాని తప్పు రెండు వైపులా సమానంగా పడి రద్దవుతుంది. రెండు కొలతలూ 0.1 లోపు కలిసేదాకా రేకులు మార్చండి.

బొమ్మ అంచుల్లో చీకటిగా ఉందని ఫ్రెనెల్ షీటు (పుస్తకం చదవడానికి వాడే చదునైన భూతద్దం) పెట్టదలిస్తే అద్దానికి మీ వైపున పెట్టండి. లెన్సు వైపు పెడితే దాని మందంలో మూడో వంతు మేర ఫోకస్ జరుగుతుంది. 1.5 మి.మీ. షీటుకు అర మిల్లీమీటరు.

7. ఫిల్ము మీద పరీక్షించండి

ఈ మెట్టు లేకపోతే పైవన్నీ ఊహలే. 6×9లో రోలుకు 8 ఫోటోలు వస్తాయి, ఒక రోలు దీనికి కేటాయించండి. చవకైన నలుపు తెలుపు ఫిల్ము చాలు.

చెక్క పలక మీద దర్జీ టేపు అతికించి, కెమెరాకు 45 డిగ్రీల వాలుగా నిలపండి. టేపు మీద 20 సెం.మీ. గీత లెన్సు నుంచి సరిగ్గా మీటరు దూరంలో ఉండాలి. లెన్సు పూర్తిగా తెరిచి, నల్ల గుడ్డ కప్పుకుని, లూప్‌తో 20 మీద ఫోకస్ చేయండి. ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ (కెమెరా కదలకుండా నొక్కే తీగ) తప్పనిసరి. ఒక ఫోటో తీశాక ఫోకస్ పూర్తిగా చెడగొట్టి మళ్లీ మొదటినుంచి చేయండి. అలా మూడు ఫోటోలు. మూడింటిలోనూ తప్పు ఒకే వైపు ఒకే మేరకు ఉంటే దోషం అద్దానిది. తలో వైపు ఉంటే మీ కంటిది, చట్రం జోలికి పోకండి.

తర్వాత గోడకు వార్తాపత్రిక పూర్తి పుట చదునుగా అంటించి రెండు ఫోటోలు తీయండి. కుడి పక్క అక్షరాలు స్పష్టంగా, ఎడమ పక్క మసకగా వస్తే అద్దం ఒరిగిందని అర్థం. మిగిలిన మూడు ఫోటోలు దూరానికి: ఊరి చివర నీళ్ల ట్యాంకో, సెల్ టవరో, కిలోమీటరు దూరంలో ఏదైనా సరే. ఫిల్ము అద్దం కంటే 0.3 మి.మీ. వెనక ఉంటే ట్యాంకు మీద ఫోకస్ చేసినా 27 మీటర్ల దూరంలోని చెట్టు స్పష్టంగా వస్తుంది. అదే ఫిల్ము ముందుకు ఉంటే ఏదీ స్పష్టంగా రాదు. ఎక్కువమంది లెన్సును తిట్టేది ఇక్కడే.

కెమెరాలోనే పట్టాలున్న రకంలో వెతికే దోషం అదే. కాకపోతే 20 మీద ఫోకస్ చేసి గీత గీసుకున్నాక ఫిల్ము వేసి, మూడు ఫోటోలకూ లెన్సును జరిపి మళ్లీ ఆ గీత దగ్గరకు తేవాలి. తప్పు ఒకే వైపు వస్తే గీతను జరపండి.

8. తప్పును సరిచేయండి

కడిగిన ఫిల్మును లూప్‌తో చూసి, టేపు మీద అన్నిటికంటే పదునైన అంకె ఏదో పట్టుకోండి. 20 కంటే కెమెరాకు దగ్గరి అంకె స్పష్టంగా ఉంటే, ఫిల్ము అద్దం కంటే వెనక ఉంది. రేకు చేర్చి అద్దాన్ని వెనక్కి తేవాలి. దూరపు అంకె స్పష్టంగా ఉంటే రేకు తీయాలి.

ఎంత? 90 మి.మీ. లెన్సుతో మీటరు దగ్గర, టేపు మీద ప్రతి 1.4 సెం.మీ. తప్పుకు 0.1 మి.మీ. లెక్క. అంటే ఒక కాగితం. అంకె 17 దగ్గర పదును కనిపించి, 17 కెమెరా వైపు ఉంటే రెండు కాగితాలు చేర్చండి. మీ లెన్సు 75 మి.మీ. అయితే 0.1 మి.మీ.కు టేపు మీద 2 సెం.మీ. పైన, 105 మి.మీ. అయితే సుమారు 1 సెం.మీ. జరుగుతుంది. ఒరిగితే, మసకబారిన పక్క మూలల రేకులు మాత్రమే మార్చండి.

ఇంకో అర రోలు ఖర్చుపెట్టి మళ్లీ చూడండి. ఒక్కసారికే కుదిరినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

మళ్లీ మళ్లీ చూసే పొరపాట్లు

ఎఫ్ 8కి మూసి, ఆ చీకట్లో ఫోకస్ చేయడం. ఫోకస్ ఎప్పుడూ లెన్సు పూర్తిగా తెరిచే చేయాలి, మూయడం తర్వాత. మధ్యాహ్నం ఎండలో నల్ల గుడ్డ కింద ఉక్కిరిబిక్కిరై పని సగంలో వదిలేయడం. గుడ్డకు బయటి వైపు తెల్ల గుడ్డ కుట్టించుకుంటే చాలా తేడా తెలుస్తుంది. బొమ్మ తలకిందులుగా కనిపిస్తోందని ఏదో తప్పు చేశామనుకోవడం కూడా ఉంది. అది అలాగే ఉంటుంది, పది రోజుల్లో అలవాటవుతుంది.

అద్దం మీద నూనె చుక్క పూస్తే వెలుగు పెరుగుతుందని ఎవరో చెబుతారు. పెరుగుతుంది, నడుమ మాత్రమే. ఆ తర్వాత దుమ్మంతా అక్కడే చేరుతుంది.

అన్నీ సరిగా ఉన్నా ఒక్కో ఫోటో మసకగా వస్తుంటే, హోల్డరులో ఫిల్మును రాత్రంతా వదిలేశారేమో గుర్తుచేసుకోండి. రోలరు చుట్టూ వంగి నిలిచిన ఫిల్ముకు ఆ వంపు అంటుకుంటుంది, తర్వాతి ఫోటోలో ఒక పక్క ఉబ్బుతుంది. ఫోటో తీశాక తిప్పి పెట్టే అలవాటు మానుకుని, తీయబోయే ముందు తిప్పండి.

కొలత కుదిరాక కాగితాల చోట అంతే మందం ప్లాస్టిక్ రేకులు పెట్టి, కొలత మారలేదని కాలిపర్స్‌తో చూసి, ఒక్కో మూల ఒక్కో చుక్క గోళ్ల రంగుతో అతికించండి. అది గరుకు తలం మీదికి పాకకుండా చూసుకోండి. ఏ మూలన ఎంత మందం పెట్టారో, ఏ హోల్డరుతో పరీక్షించారో చట్రం లోపలి వైపు పెన్సిలుతో రాసుకోండి. రెండో హోల్డరు కొన్న రోజున దాని లోతు కూడా ఇలాగే కొలవాలి, ఒకే కంపెనీ తయారీ అయినా సరే.